కుండ బద్దలు కాకుండా

ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలంటే మనం కుండ బద్దలు కొడతాం. ఉనాయిసి వాళ్ళింట్లో ఉన్నమాట చెప్పాల్సి వస్తే కుండను జాగ్రత్తగా దగ్గరికి జరుపుకుంటారు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఆ పిల్ల కథ సగం చేతికొచ్చినట్టే.

సువా రేవులో పొద్దున్నే ఓడెక్కితే, ఫిజీ దీవుల్లోకెల్లా పెద్ద దీవి వెనక్కి జారి జారి నీలంగా కరిగిపోయాక, ఎండ వాలేవేళకు వచ్చే చిన్న దీవి వాళ్ళది. ఊరు వునివేసి. ముందు సముద్రం, వెనక కొండ, నడుమ గుప్పెడు రేకుల ఇళ్ళు. అక్కడ లాలి అంటే జోలపాట కాదు, చర్చి ముందు పడుకోబెట్టిన డోలు, చెట్టుమాను తొలిచి చేసింది. అది నిద్రపుచ్చదు, లేపుతుంది. ఊరందరినీ లేపే ఆ డోలు తన కూతుర్ని మాత్రం ఏనాడూ పూర్తిగా లేపలేకపోయిందని తల్లి సలోటే బాధ. ఉనాయిసి కళ్ళు తెరుచుకుని నడుస్తూనే ఎక్కడో ఉండేది. నీళ్ళకు వెళ్తే బకెట్టు నిండి పొర్లిపోతున్నా చూస్తూ నిలబడేది. "ఒసేవ్, కిందికి దిగవే!" అని తల్లి వాకిట్లోంచి కేకేసేది. కిందే ఉన్న పిల్లను దిగమంటే ఎక్కడికి దిగుతుంది?

నిజం చెప్పాలంటే అది పరధ్యానం కాదు. ఆ పిల్ల వింటూ ఉండేది. మనుషులు ఒకరితో ఒకరు అనే మాటలకన్నా, పక్కకు తిరిగి అనుకునే మాటల మీద దానికి చెవి ఎక్కువ. ఎందుకలా అంటే దానికో కారణం ఉంది. ఆ కారణం పేరు వైసాకే.

వైసాకే దాని అన్న, రెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడు వాడికి తోకలా తిరిగింది. సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఇద్దరూ రాళ్ళ కింద పీతలు పట్టేవాళ్ళు. పట్టేది వాడు, కేకలు పెట్టేది ఇది. పీత కరవకముందే అరిచేది, కరిచాక నవ్వేది. అలాంటి రోజుల్లోనే ఒకనాడు తండ్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "పెద్దాడివయ్యావురా. ఇంక చెల్లెలితో మాటలు కట్టిపెట్టు" అన్నాడు. వాడు సరేనన్నాడు. మర్నాడు రాళ్ళ దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు.

ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, ఎవరూ తప్పు చేయలేదు. ఆ దీవుల్లో అన్నాచెల్లెళ్ళ నడుమ మాట ఉండదు, అంతే. ఎంత గౌరవమో అంత మౌనం. మేనత్త కొడుకులూ మేనమామ కొడుకులూ అయితే ఎంత వేళాకోళమైనా ఆడొచ్చు. వాళ్ళ పళ్ళెంలో చేప లాక్కున్నా, పదిమందిలో వాళ్ళ ముక్కును వెక్కిరించినా అడిగేవాడు లేడు. తోడబుట్టినవాడు గానీ, పెద్దమ్మ కొడుకు, పిన్ని కొడుకు గానీ ఎదురైతే మాత్రం తలొంచుకుని పక్కకు తప్పుకోవాలి. గౌరవం మంచిదే, కాదన్నవాళ్ళెవరు? కానీ నిన్నటిదాకా చేతిలో చెయ్యేసి నడిచిన అన్నను ఇవాళ్టి నుంచి గౌరవించమంటే చిన్నపిల్లకు అది వెలివేతలాగే ఉంటుంది. ఉనాయిసి ఏడవలేదు. వినడం మొదలుపెట్టింది.

వినడానికి ఇంట్లోనే ఒక విడ్డూరం ఉంది. నాన్నమ్మ, అంటే బూబూ. ఆవిడ అన్న ఎపరామ తాత పక్కింట్లోనే ఉండేవాడు. ఇద్దరికీ తలలు పండాయి, పళ్ళు ఊడాయి, మాట మాత్రం చిన్నప్పుడు ఆగింది ఆగినట్టే ఉంది. అయితే అన్నకు చెల్లెలి చేతి వంట తప్ప ఇంకోటి సయించదు. వంటిల్లు ఇంటికి ఎడంగా, పెరట్లో ఉండేది. వంటింటిని ఆ భాషలో 'కుండ ఇల్లు' అంటారు. అందులో అల్యూమినియం గిన్నెలన్నీ వచ్చి చేరాక కూడా పొయ్యి పక్కన బూబూ వాళ్ళమ్మ కాలంనాటి మట్టికుండ ఒకటి మిగిలిపోయింది. అంచు కొంచెం విరిగింది. దాంట్లో వండటం ఎప్పుడో మానేశారు. దాంతో మాట్లాడటం మానలేదు.

ఎపరామ తాత వచ్చి గుమ్మం బయట, వీపు లోపలికి పెట్టి కూర్చునేవాడు. బూబూ కుండను దగ్గరికి లాక్కుని, "కుండా, ఇవాళ చేప దొరకలేదని చెప్పు. కొబ్బరిపాలలో చేమాకు ఉడికించా. తింటే తినమను, లేకపోతే ఏడవమను" అనేది.

గుమ్మం బయటినుంచి, "కుండా, నిన్న ఉప్పు ఎక్కువైందని చెప్పు" అని జవాబు.

"కుండా, నాలుక అరిగిపోయినవాళ్ళకి ఉప్పు ఎక్కువ తక్కువలు తెలియవని చెప్పు!"

ఊరంతా ఇలా చేయరు. అది ఆ ఇంటి అలవాటు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకు తెలుసు. వీళ్ళు ప్రేమ కూడా దుత్త మీదే చూపించేవారు.

బూబూ పోయిన రోజు పొద్దున వాన పడుతోంది. తనను కుండ ఇంట్లోనే పడుకోబెట్టమంది. ఊపిరి సన్నబడ్డాక కుండ మీద చెయ్యేసి, "చలిగాలిలో బయట కూర్చోవద్దని చెప్పవే" అంది. అదే ఆఖరి మాట. అందరూ ఏడుస్తూ ఆవిణ్ణి పెద్ద ఇంట్లోకి తీసుకుపోయాక, ఎపరామ తాత జీవితంలో మొదటిసారి ఆ గుమ్మం దాటి లోపలికొచ్చి కుండ ముందు కూర్చున్నాడు. ఉనాయిసి తలుపు చాటునుంచి చూసింది. తాత పెదవులు చాలాసేపు కదిలాయి. రేకుల మీద వాన చప్పుడుకి ఒక్క ముక్క వినపడలేదు. కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. ఆ కుండతో తర్వాత ఎవరూ మాట్లాడలేదు. అది పొయ్యి పక్కన అలాగే ఉండిపోయింది.

తాత ఏం చెప్పాడు? ఈ ప్రశ్న ఉనాయిసితో పాటే పెరిగింది. సువా కాలేజీలో చరిత్ర చదవడానికి వెళ్తే వెంట వెళ్ళింది. క్లాసులో పంతులుగారు ఒప్పందాల గురించీ దొరల గురించీ చెబుతుంటే, కిటికీ బయట చినుకులు చూస్తూ ఆ పిల్ల తాత పెదవుల కదలికను మళ్ళీ మళ్ళీ చదవబోయేది. సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్ళే ప్రతిసారీ, రేవులో దాని సామాను పక్కన ఒక గోనెసంచి నిండా చేమదుంపలు ఉండేవి. మట్టి దులిపి, సైజు చూసి ఏరినవి. పెట్టినవాడు అప్పటికే అల్లంత దూరాన పడవ తాళ్ళు సర్దుకుంటూ అటు తిరిగి ఉండేవాడు. దుంపలు చాలా బాగుండేవి. బాగున్నాయని చెప్పే దారి మాత్రం లేదు.

దొరల కాలంనాటి పాత రాజధాని లెవుకా నుంచి వచ్చిన నోటీసు చూపించింది ఆష్నిత. బా పట్నం పిల్ల, బస్సు డ్రైవరు కూతురు, ఉనాయిసికి హాస్టల్లో గది నేస్తం. ఈ పిల్ల మేఘాల్లో ఉంటే ఆ పిల్ల నిప్పుల మీద ఉంటుంది.

"ఇటు చూడవే నిద్రమొహం! కాలేజీ వదిలేసి నాలుగు నెలలు లెవుకాలో ఉండాలట. రేవు పక్కన రాతిగోడల పాతిల్లు ఉంది చూడు, అక్కడ. పాత కాగితాలు, పాత టేపులు, అన్నీ వాళ్ళ దగ్గరే. ఎవరి పరిశోధన వాళ్ళదే, పాఠం ఒప్పజెప్పే పని లేదు. అన్ని కాలేజీలకీ కలిపి ఎనిమిదిమందినే తీసుకుంటారట."

"ఎనిమిదిమందిలో నేనెందుకుంటాను?"

"పగలే కలలు కనడానికి సర్కారు సీటిస్తుంటే నీకన్నా తగినవాళ్ళెవరే?"

ఉనాయిసి చూపు ఒక్క మాట మీద ఆగిపోయింది. టేపులు. దీవులు తిరిగి ముసలమ్మల పాటలూ కథలూ ఎప్పుడో రికార్డు చేసి దాచిన టేపులు ఆ ఇంట్లో గదుల నిండా ఉన్నాయట. పాడుతూ పాడుతూ మధ్యలో ఆపి, పక్కకు తిరిగి ఎవరితోనో ఏదో అనే ముసలమ్మలు అందులో ఉండరా? ఆ రాత్రి కలలో రాతిగోడల ఇంటి నిండా కుండలే. ఒక్కోదానికి చెవి ఆనిస్తే లోపల వాన.

దరఖాస్తు మొదటిసారి రాసినప్పుడు ఆష్నిత చదివి కాగితం మంచం మీద పడేసింది. "సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ అట! ఇదెవరు రాశారే? నువ్వేనా, గోడ మీద మంత్రిగారి పోస్టరా?"

"మరి ఏం రాయమంటావ్? నా గురించి నేను గొప్పలు చెప్పుకోడం మా ఇంటా వంటా లేదు."

"గొప్పలెవరడిగారు? నాకు చెప్పావు కదా, కుండ సంగతి. అది రాయి."

"వంటింటి సంగతి కదే అది."

"ఆ చరిత్ర పుస్తకాల్లో దొరలంతా ఏం తిని బతికారే, సంతకాలా?"

అలా కుండ కాగితం మీదికొచ్చింది. సెలవుల్లో దొరికే ఫోను నంబరు రాయాల్సిన చోట ఉనాయిసి వైసాకే నంబరు రాసింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే.

సంగతి తెలిసి తండ్రి సెమీ నవ్వాడు. మంచివాడే, కానీ నవ్వితే గుచ్చుకుంటుంది. "వంటింటి ముచ్చట్లకి కూడా చదువా తల్లీ? సరే, వెళ్ళి అడిగి చూడు. వాళ్ళు కాదంటే మాత్రం క్రిస్మస్ దాటగానే లెక్కల కోర్సుకి మారిపోవాలి. ఒప్పుకుంటావా?" ఉనాయిసి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కానీ భయం వేయలేదు. లెక్కలంటే భయం కాదు. ఈ ప్రశ్నను ఇంక జన్మలో ఎవరూ తనను అడగనివ్వరని భయం.

నవంబరులో ఇంటర్వ్యూకి లెవుకా రమ్మని పిలుపొచ్చింది. వెళ్ళిన రోజు ఆ పట్నం ఉన్నట్టే లేదు. కొండల మీది మబ్బు వీధిలోకి దిగొచ్చింది. సముద్రం ఎదుట ఒకవైపే ఇళ్ళున్న ఆ వీధిలో చెక్క దుకాణాలు మబ్బులోంచి ఒకటొకటిగా తేలి, దాటగానే మళ్ళీ మునిగిపోయాయి. ఒక కుర్చీ ఖాళీగా ఊగుతోంది. ఇక్కడి గాలిలో కూడా పాత మాటలు ఇంకా ఆరలేదనిపించింది ఉనాయిసికి. తడి చేత్తో జాకెట్టు సర్దుకుని రాతి మెట్లెక్కింది.

పైగదిలో ఇద్దరున్నారు. ఒకామె రోవీనా, ఆస్ట్రేలియా మనిషి. ఓడల చరిత్రలో దిట్ట, ఈ దీవులకొచ్చి ఇంకా ఏడాది కాలేదు. రెండో ఆయన ఇనోకే, ఫిజీ మనిషే, పూల చొక్కా వేసుకున్న పెద్దమనిషి. బల్ల మీద ఉనాయిసి దరఖాస్తు, దాని పక్కన నీలం పూత పూసిన టీ కెటిలు. దరఖాస్తు అంచున ఇనోకే పెన్సిలుతో చాలా చోట్ల గీతలు గీశాడు. అవి తప్పు పట్టిన గీతలు కావని ఆయన మొహమే చెబుతోంది.

"ఈ కుండ గురించి చదివి మా ఆవిడకు కూడా చెప్పానమ్మా" అన్నాడు నవ్వుతూ. "ముందు ఇది చెప్పు. ఏ ఊరు మీది?"

"వునివేసి అండి."

"మీ అమ్మది?"

"దెలానా. పేరు సలోటే."

ఆయన పెన్సిలు ఆగింది. "దెలానాలో పడవలు చేసేవాళ్ళ ఇల్లుంది. ఆ ఇంటి సలోటేనా?"

"అవునండి."

"మా అమ్మది కూడా ఆ ఇల్లే" అన్నాడు ఇనోకే మెల్లిగా.

ఇద్దరూ మనసులోనే వరస కలుపుకున్నారు. అటు తిప్పి ఇటు తిప్పి చూసినా తేలింది ఒకటే. ఆయన ఉనాయిసికి పెద్దమ్మ కొడుకు వరస. ఆ ఇల్లు ఆయన తల్లిది కాక తండ్రిదై ఉంటే బావ వరస అయ్యేవాడు. "బావా, నీ బట్టతల మీద సీటు రాసిచ్చెయ్" అని కూడా అనగలిగేది. ఇప్పుడు అన్న అయ్యాడు. ఉనాయిసి తల దానంతటదే వంగింది. ఇనోకే చూపు కూడా బల్ల మీదికి దిగిపోయింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"రోవీనా, ఇంక నేనిక్కడ ఉండకూడదు. నువ్వే అడుగు. నేను వరండాలో ఉంటాను."

"అదేమిటి? మరి ఎంపిక?"

"అదీ నువ్వే చెయ్యి. మేమిద్దరం బంధువులమని ఇప్పుడే తెలిసింది. ఇందులో నేను నోరు పెట్టను."

ఆయన వెనకాల తలుపు పడింది. కానీ వరండావైపు కిటికీ పలకలు తెరిచే ఉన్నాయి, సందుల్లోంచి పూల చొక్కా కనపడుతోంది. చెయ్యగలిగినంత మర్యాద చేశాడాయన. ఆ మర్యాదే కొంప ముంచింది. కుండ గోడు అర్థమైనవాడు బయట, అర్థం కానావిడ లోపల. పోనీ ఈవిడకే చెబుదామంటే, ప్రతి మాటా కిటికీలోంచి అన్న చెవిన పడుతుంది. చెప్పాల్సిందేమో అన్నాచెల్లెళ్ళ గురించి. ఒక అన్న వింటుండగా ఆ మాట ఎత్తడమంత సిగ్గుమాలిన పని వునివేసిలో ఇంకోటి లేదు.

"నీ పరిశోధన ప్రశ్న ఏమిటి, ఉనాయిసీ?" అంది రోవీనా.

ఉనాయిసి చూపు కిటికీ సందుల్లోని పూల చొక్కా మీదికి పోయి వచ్చింది.

"తొందరేం లేదు. మంచినీళ్ళు కావాలా?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"చూడమ్మా, నాకు కాగితం మీద ఉన్నది చాలదు. నీ నోట వినాలి. అసలు నీకు ఈ సీటు కావాలా?"

ఉనాయిసి కనుబొమలెత్తింది. ఆ దీవుల్లో కనుబొమలెత్తితే అవునని. రోవీనా అది చూసి, ఆ పిల్ల ప్రశ్నకే ఆశ్చర్యపోయిందనుకుని పెన్ను కింద పెట్టింది. ఫైలు అంచు మీదికి ఆవిడ చెయ్యి వెళ్ళడం ఉనాయిసి చూసింది. మూస్తే అయిపోయినట్టే.

అప్పుడా పిల్ల చెయ్యి జాపి టీ కెటిలును దగ్గరికి లాక్కుంది.

"కెటిలూ" అంది. "కెటిలూ, నీకే చెప్తున్నా, విను. మా బూబూ, వాళ్ళన్నా బతికినంతకాలం ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. అయినా రోజూ పోట్లాడుకున్నారు. మధ్యలో కుండ ఉండేది. మాట అడ్డంగా వెళ్ళకూడదు కాబట్టి చుట్టు తిరిగి వెళ్ళేది. చుట్టు తిరిగినందుకు అది మెత్తబడిందో, గట్టిపడిందో నాకు తెలుసుకోవాలనుంది."

రోవీనా ఫైలు మీంచి చెయ్యి తీసింది.

"మా దీవుల్లో పెద్దల మాటలు రాశారు, పాదిరీల మాటలు రాశారు. కుండలకు చెప్పిన మాటలు ఎవరూ రాయలేదు. ఈ ఇంట్లో ముసలమ్మల టేపులున్నాయట. పాట మధ్యలో ఆపి వాళ్ళు పక్కకన్న మాటలుంటే అవి నాకు కావాలి. పాటలు మిగతావాళ్ళు రాసుకోనీ. మా బూబూ పోయినరోజు తాత కుండ ముందు కూర్చుని ఏదో చెప్పాడు. వాన చప్పుడులో నాకు వినపడలా. అది ఇంక దొరకదు, నాకు తెలుసు. కానీ అలాంటప్పుడు మనుషులు ఏం చెప్తారో, అది దొరుకుతుందేమో. కెటిలూ, నాకూ ఒక అన్న ఉన్నాడు..."

అక్కడితో ఆపేసి కెటిలు మీంచి చెయ్యి తీసేసింది. వరండాలో కుర్చీ కిర్రుమంది. రోవీనా చాలాసేపు కెటిలు వైపు, తర్వాత పిల్ల వైపు చూసింది. ఆ మొహంలో ఏమీ చదవడానికి లేదు. "సరే. ఫోన్ చేస్తాం" అని ఫైలు మూసింది.

తిరుగు ఓడలో ఉనాయిసి డెక్కు మీద గోనెల పక్కన కూర్చుని కునికింది. బూబూ వచ్చి పక్కన కూలబడింది, చేతిలో నీలం కెటిలు. మూత తీసి లోపలికి చూస్తూ, "ఇంత చిన్నదాంట్లో అన్ని మాటలు ఎలా పట్టాయే?" అంది. మెలకువ వచ్చేసరికి మొహమంతా తడిసి ఉంది. సగం సముద్రపు తుంపర, సగం కన్నీళ్ళు.

హాస్టల్లో ఆష్నిత నోటి మీద చెయ్యేసుకుంది. "తెల్లావిడ ముందు కెటిల్‌తో మాట్లాడావా? నా తల్లే! కనీసం అందులో టీ అయినా ఉందా?"

"ఏమో."

"నాకు చెప్పినట్టే ఆవిడకీ చెప్పెయ్యాల్సింది కదే, కుండ బద్దలు కొట్టినట్టు!"

"అది బద్దలైతే మాకింక మాటేదీ?" అంది ఉనాయిసి.

ఆష్నిత నవ్వు ఆపేసి, వచ్చి పక్కన పడుకుంది. ఆ రాత్రి దెప్పలేదు.

క్రిస్మస్‌కి ఇల్లు చేరింది. మామిడిపళ్ళు రాలుతున్నాయి, రోజూ మధ్యాహ్నం వాన. లెవుకా ఊసెత్తితే చర్చిలో పాటలు నేర్చుకోవాలని చెప్పి తప్పించుకునేది. తండ్రి తెచ్చిన లెక్కల కోర్సు కాగితం బైబిలు కింద పెట్టి ఉంది. ఇంటి వెనక కొండ మీద ఒక రాయి ఉంది, ఊరికంతటికీ ఫోను సిగ్నలు అక్కడే దొరుకుతుంది. వైసాకే ఆ ఏడు ఎందుకో రోజూ ఆ రాయి దగ్గరికి ఎక్కేవాడు. పొలం పనయ్యాక ఎక్కి, చీకటి పడే ముందు దిగేవాడు. ఎవరి ఫోను కోసమని అడగడానికి ఉనాయిసికి నోరు లేదు. వాడు దిగేటప్పుడు మొహం మాత్రం చూసేది. రోజూ ఖాళీగానే ఉండేది.

పండగ ముందు రోజు వాన వెలిసిన వేళ, ఉనాయిసి కుండ ఇంట్లో ఒక్కతే కూర్చుని కొబ్బరి తురుముతోంది. వాకిట్లో అడుగుల చప్పుడైంది. గుమ్మం మీద నీడ పడింది. వైసాకే గుమ్మం బయట, లోపలికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎపరామ తాత కూర్చునే చోటది. కాళ్ళనిండా కొండ బురద.

ఉనాయిసి లేచి వెళ్ళిపోవాలి. మర్యాద అదే. లేవలేకపోయింది.

బయట గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత, ఎన్నో ఏళ్ళుగా ఆ పొయ్యి దగ్గర ఎవరూ పిలవని పిలుపు.

"కుండా."

తురిమే చెయ్యి ఆగిపోయింది.

"కుండా, లెవుకా నుంచి ఫోనొచ్చింది. ఒక తెల్లావిడ. ఉనైజీ ఉందా అంది. ఉనైజీ ఏంటి, ఉనాయిసి అను అన్నా. సరిగ్గా పలికేదాకా రెండుసార్లు చెప్పించా."

వాడి నోట తన పేరు. చిన్నప్పుడు రాళ్ళ దగ్గర విన్నదే, ఇప్పుడు మగగొంతులో. ఉనాయిసి రెండు చేతులతో కుండ అంచు పట్టుకుంది.

"ఫిబ్రవరిలో రమ్మంది. సీటు ఇచ్చారట. నాన్నకి చెప్పా, ఆ లెక్కల కాగితం పొయ్యిలో పెట్టుకోమన్నాడు. ఆవిడ ఇంకోటి కూడా అడిగింది. ఆ కుండ ఇంకా ఉందా అని. ఏ కుండ అన్నా. అప్పుడు మొత్తం చెప్పింది. ఎవరో అమ్మాయి కెటిల్‌తో చెప్పిందంట కదా, అదంతా. ఆవిడకి ఆరోజు సగమే అర్థమైందంట. మిగతా సగం ఆ కిటికీ అవతల కూర్చున్నాయన్ని అడిగి తెలుసుకుందంట. సీటు సంగతి మాత్రం ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదంట."

పెరట్లో మామిడాకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఒకచోట ఆగిపోయిందంట ఆ అమ్మాయి. నాకూ ఒక అన్న ఉన్నాడు అని." వైసాకే కాలి బురద గోటితో గీకాడు. "ఆ తర్వాత మాటేంటో అడుగు, కుండా."

ఉనాయిసికి కన్నీళ్ళు ఆగలేదు. తాత ఏం చెప్పి ఉంటాడా అని ఇన్నేళ్ళు వెతికింది. అలాంటి చోట కూర్చుంటే మనిషికి ఏం మాట వస్తుందో, ఆ మాట ఇప్పుడు తన నోటిదాకా వచ్చింది. కుండను ఒళ్ళోకి లాక్కుంది.

"కుండా, వాడికి చెప్పు. దుంపలు బాగుండేవని చెప్పు. ప్రతిసారీ. ఇంకా... పీతలు పట్టడానికి ఒక్కడే వెళ్ళిపోయాడని ఆ చెల్లెలికి ఇప్పటికీ కోపం పోలేదని చెప్పు."

బయట ముక్కు చీదిన శబ్దం.

"కుండా, రేపు చర్చి అయ్యాక సముద్రం వెనక్కి పోయే వేళకి రాళ్ళ దగ్గరికి వెళ్తున్నానని చెప్పు. పట్టినవి వేసుకోడానికి ఏమీ లేదు. ఎవరైనా నిన్ను మోసుకొస్తే బాగుండు."

మర్నాడు వాళ్ళిద్దరూ తీరం వెంట వెళ్ళడం ఊరంతా చూసింది. ముందు వాడు, వెనక బాగా ఎడంగా ఆ పిల్ల, రెండు చేతులా కుండను పొదివి పట్టుకుని, నాచు రాళ్ళ మీద అడుగు తడిమి తడిమి వేస్తూ. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. వాడు రాయి ఎత్తాడు, పీతను పట్టి తిరిగి చూడకుండానే వెనక్కి చెయ్యి జాపాడు. ఆ పిల్ల కుండ కింద పడకుండా గట్టిగా హత్తుకుని, చిన్నప్పటిలాగే, పీత కరవకముందే కేక పెట్టింది.

ఆ కేకకి ఊళ్ళో పెద్దలెవరూ అభ్యంతరం చెప్పలేదు. కేక మాట కిందికి రాదు కదా.